రాతినార నేల మీద ఊపిరి పరీక్ష

కడప నుంచి పులివెందులకు పోయే బస్సు వేంపల్లె చేరిన దగ్గర్నుంచి కిటికీలోంచి కనిపించే రాతికి ఒక చరిత్ర ఉంది. పాపాఘ్ని ఒడ్డునున్న ఈ ఊరి పేరునే భూగర్భ శాస్త్రవేత్తలు ఇక్కడి సున్నపు జాతి రాతికి పెట్టారు. వేంపల్లె డోలమైటు అంటారు. వేముల మండలం తుమ్మలపల్లెలో భారత యురేనియం సంస్థ తవ్వుతున్న ఖనిజం ఈ రాతిలోదే. పులివెందుల దాటి లింగాల చేరితే అదే రాతిలో ఇంకో పదార్థం కనిపిస్తుంది. పోగులు పోగులుగా విడిపోయే ఖనిజం అది. ఆస్బెస్టాస్ అని లోకమంతా పిలిచే ఆ రాతినార కోసమే నేను లింగాలకు బయల్దేరాను.

ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రాతినార దుమ్ము పీల్చిన మనుషుల ఊపిరి కోసం బయల్దేరాను. మనిషి వదిలే గాలిలో రోగాల ఆనవాళ్ళు ఉంటాయనీ, గ్యాస్ సెన్సర్లతో వాటిని పట్టవచ్చనీ కొన్నేళ్ళుగా శ్రద్ధగా చదువుతున్నాను. రాతినార వల్ల వచ్చే క్యాన్సర్‌ను ఊపిరి పరీక్షతో గుర్తించే ప్రయోగాలు ఆస్ట్రేలియాలోనూ ఇటలీలోనూ జరిగాయి. వాటి గురించి చదివినప్పుడల్లా నా మనసు పులివెందుల ప్రాంతం మీదికే పోయేది. మన దేశంలో క్రైసోటైల్ రకం రాతినారకు పేరుపడ్డ చోటు ఇది. ఆ గనుల్లో కూలికి పోయినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు. వాళ్ళ ఊపిరిని చదివేదెవరు?

నీళ్ళొచ్చిన ఊరు

పులివెందుల బస్టాండులో లింగాల బస్సు కోసం నిలబడి ఉంటే పక్కనున్న పెద్దామె, "యాడికి నాయనా?" అని అడిగింది. లింగాలకన్నాను. "డ్యాము జూసేకా?" అంది. కొత్త మనిషి ఆ వైపు పోతున్నాడంటే పార్నపల్లె దగ్గర చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు చూడటానికే అనుకుంటారు ఇక్కడివాళ్ళు. పది టీఎంసీల నీళ్ళు పట్టే ఆ జలాశయం లింగాల మండలంలోనే ఉంది. గండికోట నుంచి ఎత్తిపోతలతో కృష్ణా నీళ్ళు అక్కడికి చేరుతున్నాయి.

నీళ్ళు తెచ్చిన మార్పు దారి పొడవునా కనిపిస్తుంది. రెండు పక్కలా అరటి, అరటి దాటితే చీనీ. చెట్ల మొదళ్ళలో నల్లటి డ్రిప్పు పైపులు. ఒకచోట రోడ్డు పక్కనే లారీకి లోడు ఎత్తుతున్నారు. గెలల నుంచి అత్తాలు కోసి, నీళ్ళ తొట్లలో కడిగి, పెట్టెల్లో సర్దుతున్నారు. కాయ ఇంకా పచ్చిగానే ఉంది. ఉత్తరాది మార్కెట్లకు చేరాక మాగేసే గదుల్లో ఇథిలీన్ వాయువు పెట్టి పండిస్తారు. గదిలో ఆ వాయువు పాళ్ళు తగ్గితే కాయలు సమంగా మాగవు. అందుకని అలాంటి గదుల్లో ఇథిలీన్‌ను కొలిచే సెన్సర్లు గోడకు బిగించి ఉంటాయి. గాలిలో లక్ష పాళ్ళకు పది పాళ్ళున్న వాయువును కూడా పట్టి అంకె చూపించే పరికరం పళ్ళ వ్యాపారంలోకి ఎప్పుడో వచ్చేసింది.

మనిషి ఊపిరిలో వెతకాల్సిన వాయువులు దీనికన్నా ఎన్నో రెట్లు తక్కువ. చాలావాటిని వంద కోట్ల పాళ్ళలో ఇన్ని పాళ్ళు అని లెక్కపెట్టాల్సి వస్తుంది. ఈ పని కష్టమంతా అక్కడే ఉంది.

రాతిలో నార

లింగాలలో దిగాక ఒక అరటి రైతు నన్ను తన బండి మీద ఎక్కించుకున్నాడు. వాళ్ళ నాయన వయసులో ఉన్నప్పుడు గనికి పోయేవాడట. కంపచెట్ల మధ్య బాటలో కొంత దూరం పోయి, ఒక బోడి గుట్ట కింద బండి ఆపాడు. ఎదురుగా పాత గుంత. తవ్వి పోసిన రాళ్ళ కుప్పల మీద గడ్డి మొలిచింది. వానకు కూలిన అంచుల్లో రాతి పొరలు బయటపడ్డాయి.

కింద లేత రంగు డోలమైటు. దాని మీద నల్లటి గట్టి రాయి. సుమారు 190 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల్నుంచి కరిగిన శిల ఈ డోలమైటు పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టింది. ఆ వేడికి, దాని వెంట వచ్చిన వేడి ద్రవాలకు పక్కనున్న డోలమైటులోని మెగ్నీషియం సిలికాతో కలిసి పచ్చని సర్పెంటైన్ రాయిగా మారింది. ఆ పచ్చరాతి పగుళ్ళలో ఏర్పడిందే క్రైసోటైల్, అంటే తెల్ల రాతినార. అందుకే ఇది ఎక్కడ పడితే అక్కడ దొరకదు. రెండు రాళ్ళూ తాకిన గీత వెంబడే దొరుకుతుంది. లింగాల, ఇప్పట్ల, లోపట్నూతల, చిన్నకుడాల, పులివెందుల దగ్గరి బ్రాహ్మణపల్లె, ఇలా ఊరూరూ కలుపుకుంటూ ఆ గీత సాగుతుంది.

రైతు కాలితో ఒక రాయిని తిప్పాడు. పచ్చటి రాయి మధ్యలో వేలి మందం కూడా లేని చార ఒకటి అడ్డంగా పోయింది. వంగి దగ్గరగా చూస్తే అది రాయిలా లేదు. సన్నటి పోగులు ఒకదాని పక్కన ఒకటి చారకు అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఎండ తగిలిన చోట మెత్తని మెరుపు. రాయి విరిగిన అంచున పోగులు విచ్చుకుని తెల్లగా నూగు లేచింది.

"ముట్టుకోవద్దన్నా" అన్నాను.

"చిన్నప్పుడు దీన్ని గోటితో పీకి దూది జేసుకోని ఆడుకుంటాంటిమి సార్" అన్నాడాయన. "ఎవురూ వొద్దని చెప్పలా."

గాలి మా వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, కాసేపటికే అక్కణ్ణుంచి కదిలాం. ముక్కుకు కండువా చుట్టుకున్నా దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఈ పోగులు చీలుతూ చీలుతూ వెంట్రుకలో వందో వంతుకన్నా సన్నగా అవుతాయి. బట్ట వాటిని ఆపలేదు.

అరుగు మీద

రైతు వాళ్ళ నాయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆయన భార్య వక్క కత్తిరిస్తోంది. నేనెందుకొచ్చానో కొడుకు చెప్పాడు. పెద్దాయన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పుకొచ్చాడు.

"వానల్లేవు, సేద్యం లేదు. గనికి పోతే వారం వారం దుడ్లు ఇస్తాండ్రి. లోపల మందు పేల్చేది, రాయి మోసేది మొగోల్లు. బయట కూచోని సుత్తితో కొట్టి నార ఏరేది ఆడోల్లు."

"నేను ఏరినా" అంది ఆమె. "దుమ్ము లేస్తే కొంగు ముక్కుకు అడ్డం బెట్టుకుంటాంటిమి. పొద్దు గూకినంక ఆ చీరతోనే ఇంటికొచ్చి, ఆ కొంగుతోనే పిల్లోల్ల మొగం తుడిచి ఎత్తుకుంటాంటిమి."

ఆమె మామూలుగా చెప్పిన ఈ మాట దగ్గర నేను ఆగిపోయాను. రాతినార రోగాల చరిత్రలో ఇది పెద్ద అధ్యాయం. గని ముఖం చూడని భార్యలకు, పిల్లలకు, పనివాళ్ళ బట్టల మీద ఇంటికొచ్చిన దుమ్ము వల్లే రోగం వచ్చిన ఉదాహరణలు ప్రపంచమంతటా నమోదయ్యాయి.

పెద్దాయనకు ఇప్పుడు పది అడుగులేస్తే ఆయాసం. ఒకప్పుడు టీబీ అన్నారట. "ఆర్నెల్లు మాత్రలు మింగితిని. దగ్గు తగ్గె. ఆయాసం అట్లే ఉండాది" అన్నాడు. బీడీ అలవాటు చాలా ఏళ్ళు ఉండేదని కూడా ఆయనే చెప్పాడు. ఆయన ఆయాసం రాతినార వల్లా, బీడీ వల్లా, పాత టీబీ మచ్చల వల్లా అని నేను చెప్పలేను. నేను కాదు, మంచి ఎక్స్‌రే, స్కానింగు, ఊపిరితిత్తుల సామర్థ్య పరీక్ష లేకుండా ఏ డాక్టరూ చెప్పలేడు. కానీ డాక్టరు ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. "నువ్వు ఏం పని చేసేవాడివి?" ఆ ప్రశ్న తననెవరూ అడగలేదని పెద్దాయన చెప్పాడు.

పోగు ఊపిరితిత్తిలో ఏం చేస్తుంది

రాతినార వల్ల వచ్చే ముఖ్య రోగాలు మూడు. ఊపిరితిత్తి కణజాలం గట్టిపడి సాగే గుణం కోల్పోవడం ఆస్బెస్టోసిస్. రెండోది ఊపిరితిత్తుల క్యాన్సర్. మూడోది ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే అరుదైన, భయంకరమైన క్యాన్సర్, మెసోథీలియోమా. దక్షిణాఫ్రికాలో జె.సి. వాగ్నర్ బృందం 1960లో ఈ క్యాన్సర్‌కూ రాతినారకూ ఉన్న సంబంధాన్ని బయటపెట్టింది. అక్కడిది నీలి రాతినార. తెల్ల రాతినార ప్రమాదం లేనిదని చాలాకాలం వాదించినవాళ్ళు ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం తెల్లదానితో సహా అన్ని రకాలూ క్యాన్సర్ కారకాలేనని తేల్చి చెప్పింది.

ఈ రోగాల్లో మోసం కాలంలో ఉంది. దుమ్ము పీల్చిన ఇరవై, ముప్పై, నలభై ఏళ్ళకు గానీ రోగం బయటపడదు. మన కేంద్ర ప్రభుత్వం 1986లో రాతినార తవ్వకానికి కొత్త లీజులు ఇవ్వడం ఆపింది. 1993లో పాతవాటి రెన్యువల్ కూడా ఆపింది. అప్పట్లో పాతికేళ్ళ కూలికి ఇప్పుడు అరవై ఏళ్ళ చుట్టుపక్కల ఉంటాయి. అంటే గనులు సద్దుమణిగినా, వాటి రోగాలు బయటపడే వయసు ఇదే.

ఇక్కడే ఊపిరి పరీక్ష కథలోకి వస్తుంది. రాతినార వాయువు కాదు. అది గాలిలో తేలే ఘన పదార్థం. కాబట్టి ఏ గ్యాస్ సెన్సరూ పోగును పట్టలేదు. గాలిని వడపోత కాగితం గుండా లాగి, సూక్ష్మదర్శినిలో పోగులు లెక్కపెట్టాల్సిందే. సెన్సరు పట్టేది పోగుకు శరీరం ఇచ్చిన జవాబును. ఊపిరితిత్తిలోని రక్షక కణాలు పోగును మింగడానికి చూస్తాయి. పోగు తమకన్నా పొడవు కాబట్టి మింగలేవు. ఆ పెనుగులాటలో ఘాటైన ఆక్సిజన్ అణువులు విడుదలై చుట్టూ ఉన్న కణాల కొవ్వు పొరల్ని దెబ్బతీస్తాయి. కొవ్వు విరిగి ఈథేన్, పెంటేన్, ఆల్డిహైడ్లు లాంటి తేలిగ్గా ఆవిరయ్యే పదార్థాలు పుడతాయి. అవి రక్తంలో కలిసి, గాలి తిత్తుల్లోకి జారి, ఊపిరితో బయటికొస్తాయి. కణితి పెరిగితే కణాల జీవనక్రియే మారుతుంది కాబట్టి ఈ ఆవిరుల పాళ్ళు మళ్ళీ మారతాయి.

ఊపిరిలో ఇంత సమాచారం ఉందని ఆధునిక విజ్ఞానానికి గట్టిగా చెప్పినవాడు రసాయన శాస్త్రవేత్త లైనస్ పాలింగ్. 1971లో ఆయన బృందం మనిషి ఊపిరిని చల్లబరిచి, విడదీసి, సుమారు 250 పదార్థాలున్నాయని చూపింది. ఆ తర్వాత కొన్ని పరీక్షలు వైద్యంలో స్థిరపడ్డాయి. ఆస్తమా రోగి ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలుస్తారు. కడుపులో అల్సర్లకు కారణమయ్యే హెలికోబాక్టర్ బాక్టీరియాను ఊపిరి పరీక్షతోనే కనిపెడుతున్నారు. మధుమేహం ముదిరినప్పుడు ఊపిరిలో అసిటోన్ పెరుగుతుందన్నది డాక్టర్లందరికీ తెలుసు.

మనవడి సెన్సరు

మేం మాట్లాడుకుంటుండగా పెద్దాయన మనవడు వచ్చాడు. పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు, సెలవుకు ఇంటికొచ్చాడు. సెన్సర్ల మాట చెవిన పడగానే లోపలికి పోయి ఒక అట్టపెట్టె తెచ్చాడు. తాగి బండి నడిపేవాళ్ళను పట్టే ప్రాజెక్టు కోసం కొన్నదట. రూపాయి బిళ్ళకన్నా చిన్న చుట్టుకొలత, పైన సన్నటి ఇనుప జాలీ, కింద ఆరు కాళ్ళు. ఎంక్యూ-3 అనే ఆల్కహాల్ సెన్సరు. దాన్ని ఆర్డుయినో అనే చిన్న సర్క్యూట్ బోర్డుకు కలిపి, తీగను ల్యాప్‌టాప్‌కు తగిలించాడు.

"వేడెక్కనియ్యల్ల సార్, కొంచేపు ఆగండి" అన్నాడు. జాలీ మీద వేలు పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. లోపల చిన్న హీటరు ఉంటుంది. దాని చుట్టూ తగరపు ఆక్సైడ్ పూత. వేడి మీద ఉన్న ఆ పూతకు గాలిలోని ఆక్సిజన్ అంటుకుని దానిలోని ఎలక్ట్రాన్లను పట్టి ఉంచుతుంది. అప్పుడు కరెంటు సరిగా పారదు. ఆల్కహాల్ లాంటి ఆవిరి తగిలితే అది ఆక్సిజన్‌తో కలిసిపోతుంది, ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి, కరెంటు ధారాళంగా పారుతుంది. తెర మీద అంకె లేస్తుంది. 1960లలో జపాన్‌లో నవోయోషి తగుచి గ్యాస్ లీకేజీని పసిగట్టడానికి రూపొందించిన పరికరం ఈ సూత్రం మీదే పనిచేసింది. ఇళ్ళలో వంటగ్యాస్ అలారాల్లో ఇప్పటికీ ఉన్నది ఆ సంతతే.

కుర్రాడు ఊదాడు. అంకె కొంచెం లేచి దిగింది. నేను అప్పుడే ఇంటివాళ్ళు పెట్టిన బాగా మాగిన అరటిపండు తిని ఉన్నాను. నేను ఊదితే అంకె అతనిదానికన్నా పైకి పోయింది. మాగిన పండులో ఎస్టర్లూ, కాస్త ఆల్కహాలూ ఉంటాయి. సెన్సరు వాటిని పట్టింది. తడిచేత్తో దగ్గరికి పోయినా అంకె కదిలింది. ఊపిరిలోని తేమకు కూడా అది స్పందిస్తుంది.

పెద్దాయన కూడా ఊదాడు. అంకె లేచింది, దిగింది. "నాది ఏం రోగమో చెప్పిందా అబ్బీ?" అని అడిగాడు.

"ల్యా జేజినాయనా. దీనికి అంత తెలివి ల్యా. ఏందో ఒక ఆవిరి తగిలిందని చెప్తాది, అంతే" అన్నాడు మనవడు.

ఆ కుర్రాడు చెప్పింది అక్షరాలా నిజం. ఒక సెన్సరు ఒక్కటే రోగాన్ని చెప్పలేదు. ఈ చిక్కును విప్పే మార్గాన్ని 1982లో ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో కృష్ణ పెర్సాడ్, జార్జ్ డాడ్ చూపించారు. వేర్వేరు ఆవిరులకు వేర్వేరుగా స్పందించే కొన్ని సెన్సర్లను పక్కపక్కన పెట్టి, అన్నిటి జవాబులనూ కలిపి చదవాలి. ఏ ఒక్కటీ కచ్చితం కాకపోయినా, అన్నీ కలిసి గీసిన నమూనా ఒక్కో వాసనకు ఒక్కో రకంగా వస్తుంది. వేలిముద్ర ఎలా ఒక మనిషిని పట్టిస్తుందో ఈ నమూనా ఒక వాసనను అలా పట్టిస్తుంది. ఎలక్ట్రానిక్ ముక్కు అనే పేరు దీనికే వచ్చింది. మన దేశంలో కోల్‌కతాలోని సి-డాక్ సంస్థ తేయాకు నాణ్యతను వాసనతో తేల్చడానికి ఇలాంటి యంత్రాన్ని తయారుచేసింది.

సిడ్నీలో, బారిలో

రాతినార రోగుల మీద ఇలాంటి ముక్కును ప్రయోగించిన ఫలితాలు రెండు 2012లో వెలువడ్డాయి. ఇటలీలోని బారి పట్టణంలో మెసోథీలియోమా రోగులు 13 మందిని, ఏళ్ళ తరబడి రాతినారతో పనిచేసినా ఆ రోగం లేనివాళ్ళు 13 మందిని, ఆరోగ్యవంతులు 13 మందిని తీసుకుని వాళ్ళ ఊపిరిని పోల్చారు. సిడ్నీలో రోగులు 20 మంది, రాతినార వల్ల వేరే ఊపిరితిత్తి జబ్బులున్నవాళ్ళు 18 మంది, మామూలు మనుషులు 42 మంది. అక్కడ వాడిన యంత్రంలో 32 సెన్సర్లున్నాయి. మూడు గుంపులనూ కలిపి చూసినప్పుడు యంత్రం క్యాన్సర్ ఉన్న వందమందిలో సుమారు 90 మందిని గుర్తుపట్టగలిగింది. లేని వందమందిలో సుమారు 91 మందిని లేదని సరిగ్గా చెప్పింది.

ఈ అంకెలు ఆశ కలిగిస్తాయి. వీటిని జాగ్రత్తగా చదవాలి కూడా. లింగాల చుట్టుపక్కల పాత గని కూలీలు వెయ్యిమందికి ఈ పరీక్ష చేశామనుకుందాం. వాళ్ళలో పదిమందికి రోగం ఉందనుకుందాం. యంత్రం తొమ్మిదిమందిని పట్టుకుంటుంది, ఒకరిని వదిలేస్తుంది. రోగం లేని 990 మందిలో మాత్రం సుమారు 89 మందిని ఉందని పొరబడుతుంది. మొత్తం 98 మందిని భయపెడుతుంది, అందులో తొమ్మిదిమంది విషయంలోనే అది నిజమవుతుంది. కాబట్టి ఊపిరి పరీక్ష తీర్పు చెప్పదు. ఎవరిని ముందు స్కానింగుకు పంపాలో చెబుతుంది. వెయ్యిమందినీ సీటీ స్కాన్‌కు తిప్పడం మన జిల్లా ఆసుపత్రుల వల్ల కాదు. 98 మందిని తిప్పడం అవుతుంది. సూది గుచ్చకుండా, రేడియేషన్ లేకుండా, ఊరి అరుగు మీదే చేయగలిగిన తొలి వడపోత ఇది. దాని విలువ అక్కడుంది.

ఇంకా దాటాల్సినవి ఉన్నాయి. అక్కడి రోగుల ఊపిరి మీద నేర్పిన యంత్రం మన బీడీ పొగ, కట్టెల పొయ్యి, వక్కాకు, సంగటి తిన్న ఊపిరిని అలాగే చదవలేదు. ఇక్కడి మనుషుల ఊపిరి మీద మళ్ళీ నేర్పాలి. పాత టీబీ ఉన్నవాళ్ళనూ, పొగతాగేవాళ్ళనూ, ఏమీ లేనివాళ్ళనూ వేరువేరుగా చూపి నేర్పాలి. వేల మంది మీద పరీక్షించి తేల్చాలి. అది అయ్యేదాకా రోగం నిర్ధారణ స్కానింగు, ముక్క తీసి చేసే బయాప్సీల మీదే ఆధారపడుతుంది.

ముందు పేర్లు కావాలి

ఆస్ట్రేలియాకు ఈ పరిశోధనలో ముందుండే అవకాశం ఎందుకొచ్చిందో కూడా మనం గమనించాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో విటెనూమ్ అనే ఊళ్ళో 1943 నుంచి 1966 దాకా నీలి రాతినార తవ్వారు. అక్కడ పనిచేసిన వేలాదిమంది పేర్లు కాగితం మీద ఉన్నాయి. ఆ పేర్లు పట్టుకుని పరిశోధకులు దశాబ్దాల పాటు వాళ్ళ ఆరోగ్యాన్ని వెంటాడి రాశారు. ఏ యంత్రమైనా ఆ జాబితా మీదే నిలబడుతుంది.

మనకూ చట్టం బలం ఉంది. 1995 జనవరిలో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల కేసులో చారిత్రక తీర్పు ఇచ్చింది. కార్మికుడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమని చెప్పింది. పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా మానేసిన తర్వాత 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం ఆరోగ్య రికార్డులు భద్రపరచాలని ఆదేశించింది. 2019లో రాజస్థాన్ ప్రభుత్వం దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తి జబ్బులకు ప్రత్యేక విధానం ప్రకటించి, గని కూలీలను నమోదుచేసి, మెడికల్ బోర్డుతో పరీక్షించి, సాయం అందించే ఏర్పాటు చేసింది. ఆ పని మన రాష్ట్రమూ చేయగలదు.

రాతినార గనులతోనే పోలేదన్నది ఇంకో సంగతి. అరవైకి పైగా దేశాలు దాన్ని నిషేధించాయి. అమెరికా 2024లో తెల్ల రాతినారను కూడా నిషేధించింది. మన దేశం మాత్రం విదేశాల నుంచి పెద్దయెత్తున తెప్పించుకుని సిమెంటు రేకుల్లో కలుపుతూనే ఉంది. లింగాల నుంచి తిరిగొచ్చే దారిలో పశువుల కొట్టాల మీద, బడ్డీ కొట్ల మీద, ఇళ్ళ ముందు వసారాల మీద ఆ బూడిదరంగు రేకులే. రేకు చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ప్రమాదం తక్కువ. రంపంతో కోసినా, రంధ్రం వేసినా, పగలగొట్టినా దుమ్ము లేస్తుంది.

కాబట్టి నా విన్నపాలు సూటిగా చెబుతాను. జిల్లా యంత్రాంగం లింగాల, పులివెందుల మండలాల్లో పాత రాతినార గనుల్లో పనిచేసిన ఆడా మగా అందరి పేర్లూ ఊరూరా తిరిగి రాయించాలి. పనివాళ్ళ ఇంట్లో పెరిగిన పిల్లల పేర్లు కూడా రాయాలి. కడప రిమ్స్‌లో వాళ్ళకు ఎక్స్‌రే, శ్వాస సామర్థ్య పరీక్ష ఉచితంగా చేసే రోజు ఒకటి కేటాయించాలి. మన ఇంజనీరింగ్ కళాశాలలూ వైద్య కళాశాలలూ కలిసి ఇక్కడి ఊపిరిని నేర్చుకునే సెన్సర్ల మీద పరిశోధన మొదలుపెట్టాలి. సెన్సర్లు చేయగల పిల్లలు ఆ ఇళ్ళలోనే ఉన్నారు.

చదివేవారికీ ఒక మాట. మీరు గానీ, మీ ఇంట్లో పెద్దవాళ్ళు గానీ ఎప్పుడైనా రాతినార గనిలో, రేకుల ఫ్యాక్టరీలో పనిచేసి ఉంటే, ఆయాసమనో దగ్గనో డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఆయన అడిగేదాకా ఆగకండి. ఫలానా పని, ఇన్నేళ్ళు చేశామని మీరే ముందు చెప్పండి. బీడీ, సిగరెట్టు ఈరోజే మానేయండి. రాతినార పీల్చిన ఊపిరితిత్తికి పొగ కూడా తోడైతే క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లవుతుంది. ఇంటి మీది రేకును కోయాల్సివస్తే నీళ్ళు పోసి తడిపి, పిల్లల్ని దూరంగా పంపి, ఆ ముక్కల్ని ఇంటి చుట్టూ పారేయకుండా మట్టిలో లోతుగా పూడ్చండి.